రెండు బారల తెల్ల పైపు

దారం బాబాయ్ బిగించిన జాయింటు కారగా ఆ యూనివర్సిటీలో ఎవరూ చూడలేదు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ ప్లంబరు. ఏడో తరగతితో బడి మానేశాడు. పని కూడా ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. కారుతున్న పైపు విప్పడం, ఎందుకు కారుతోందో చూడటం, మళ్ళీ బిగించడం, అలా చేతికి పట్టుబడింది. అందరూ జాయింట్లకు ప్లాస్టిక్ టేపు చుట్టడం మొదలుపెట్టాక కూడా ఆయన మరల మీద జనపనార దారమే చుట్టి, పైన రంగు పూసి బిగించేవాడు. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది.

ఏడేళ్ళ క్రితం క్యాంపస్‌లో వాడిన నీళ్ళను శుద్ధిచేసే ప్లాంటు పెట్టారు. స్నానాల గదుల్లోంచి, చేతులు కడిగే బేసిన్లలోంచి పోయే నీళ్ళు అక్కడ తేటపడి, మళ్ళీ మేడల మీది ట్యాంకులకెక్కి, మరుగుదొడ్ల ఫ్లష్‌లకూ మొక్కలకూ వస్తాయి. పనివాళ్ళు వాటిని రెండో నీళ్ళంటారు. చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటాయి. వాసన రాదు. ప్రమాదమంతా అందులోనే ఉంది. అందుకని రెండో నీళ్ళకు వంకాయ రంగు పైపు, మంచినీళ్ళకు తెల్ల పైపు అని పద్ధతి పెట్టారు. ఆ పద్ధతిని పనివాళ్ళ బుర్రలకెక్కించింది దారం బాబాయే. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు ఒకటే పాఠం.

"తెల్ల పైపు కనిపించిందా, కళ్ళు మూసుకుని తాగు. వంకాయ పైపు కనిపించిందా, చెయ్యి కూడా పెట్టకు."

యూనివర్సిటీకి గ్రీన్ సర్టిఫికెట్ తేవాలని ఇంజనీరుగారు మూడేళ్ళుగా తిరుగుతున్నారు. మేడల మీద సోలార్ పలకలు పెట్టించారు, వాన నీటికి గుంతలు తవ్వించారు, మనిషి లేకపోతే వాటంతటవే ఆరిపోయే దీపాలు వేయించారు. ఆఖరి తనిఖీకి ఒక మేడం వచ్చింది. జేబులో టార్చి, స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగే మనిషి. మోటారు గది మూత తనే విప్పి చూసింది. మాటలకంటే చేతులు ఎక్కువ కదిలే మనిషని దారం బాబాయ్‌కి మొదటిరోజే నచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం ఇంజనీరుగారి గదిలో ఆమె చెప్పింది: "కాగితాలు బాగున్నాయి. రేపు నీళ్ళు చూద్దాం. పది గంటలకు రెండో నీళ్ళ ట్యాంకుల్లో నీలం రంగు కలుపుతాను. తర్వాత మంచినీళ్ళ టాపులన్నీ తిప్పుతాం. ఏ టాపులో నీలం కనిపించినా ఆ బిల్డింగు పాసవదు."

"మా దారం వేసిన లైన్లండీ అవి. మీ రంగు దండగ," అన్నారు ఇంజనీరుగారు.

అందరూ నవ్వారు. దారం బాబాయ్ కూడా నవ్వాడు. సగం నవ్వులో ఆయనకు లైబ్రరీ మూడో అంతస్తు గుర్తొచ్చింది.

నాలుగేళ్ళ కిందటి సంగతి. లైబ్రరీ మూడో అంతస్తులో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి రెండో నీళ్ళ లైను వేస్తుంటే, ఇంకా రెండు బారల దూరం ఉందనగా వంకాయ పైపు అయిపోయింది. స్టోరు మూసేశారు. గోడ పూసే మేస్త్రీలు తాపీలు పట్టుకుని వెనకే నిలబడ్డారు. ఆ రెండు బారలూ తెల్ల పైపు వేశాడు. పొద్దున్నే వచ్చి వంకాయ రంగు టేపు చుట్టేద్దామనుకున్నాడు. పొద్దున వచ్చేసరికి గోడ పూసేసి ఉంది. తడి ఆరని గోడ ముందు కాసేపు నిలబడ్డాడు. లోపల ఉన్నది తనకు తెలుసు కదా అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి తనూ మరిచిపోయాడు.

రెండు నెలల కింద అదే గోడకు ఇవతల, వరండాలో, పిల్లలడిగారని వాటర్ కూలరు పెట్టారు. దాని లైను వేసింది బావమరిది. భార్య తమ్ముడు, తను పని నేర్పినవాడు.

మీటింగు అవగానే వాణ్ణి వెతుక్కుంటూ మోటారు గదికి వెళ్ళాడు. వాడు టీ తాగుతున్నాడు.

"లైబ్రరీ కూలరుకి లైను ఎక్కణ్ణుంచి తీశావురా?"

"గోడలోంచి."

"గోడలో ఏ పైపు నుంచి?"

"తెల్ల పైపు నుంచి బావా. వంకాయ దాన్నుంచి తీస్తానా?" వాడు నవ్వాడు. "కళ్ళు మూసుకుని తాగమన్నావుగా. నేను కళ్ళు మూసుకుని కోశాను."

"ఎన్ని తెల్ల పైపులు కనిపించాయి?"

"ఒకటే. గోడ పాడవకుండా చిన్న కన్నం కొట్టాను. ఏం, ఇంకోటుందా?"

"ఎంత ఎత్తులో ఉంది?"

బావమరిది నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. కాస్త పైకి జరిపాడు. మళ్ళీ కిందికి దించాడు. "ఇక్కడ. ఇక్కడే అనుకుంటా."

ఆ గోడలో పైపులు రెండున్నాయి. పైన రెండో నీళ్ళది, జానెడు కింద మంచినీళ్ళది. వాడి చెయ్యి రెండింటి మీదా తిరిగింది.

"కోసినప్పుడు నీళ్ళు కారాయా?" అడిగాడు దారం బాబాయ్. మంచినీళ్ళ వాల్వు కట్టాక కూడా నీళ్ళు కారి ఉంటే అది రెండో నీళ్ళదని వాడికి అప్పుడే తెలిసేది; కారలేదంటే మంచినీళ్ళదే. ఆ ఒక్క ఆశా మిగిలింది.

"ఎందుకు కారతాయి? ఆ రోజు ట్యాంకులు కడిగించారు. రెండూ ఖాళీ." బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "ఏంటి బావా, మొహం అలా అయిపోయింది?"

"ఏం లేదు. రేపు ఏడింటికి లైబ్రరీ దగ్గరికి రా. ఎవరికీ చెప్పకు."

అక్కణ్ణుంచి నేరుగా లైబ్రరీకి వెళ్ళాడు. మూడంతస్తులు ఎక్కేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కూలరు వెనక ఉన్న చిన్న వాల్వు కట్టేశాడు. 'పనిచేయదు' అని కాగితం రాసి టాపుకి కట్టాడు. పక్కన ఒకమ్మాయి అప్పుడే నింపుకున్న సీసా మూత తీస్తోంది.

"పారబొయ్యమ్మా అది," అన్నాడు. "ఫిల్టరు పాడైంది."

"రోజూ తాగుతున్నాం కదా అంకుల్, బాగానే ఉన్నాయి," అంది ఆ అమ్మాయి. అయినా వెళ్ళి పారబోసింది.

రోజూ. ఆ మాట మెట్లు దిగుతున్నంతసేపూ వెంట వచ్చింది. అక్కడికక్కడే బిల్డింగు నీళ్ళు ఆపించి చూడొచ్చు. దానికి ఇంజనీరుగారిని అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతారు. రేపు పొద్దున చూద్దాం, మంచినీళ్ళ పైపే అయ్యుండొచ్చు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆయన భార్య లైబ్రరీలోనే పుస్తకాల దుమ్ము దులిపే పని చేస్తుంది. కూలరు పెట్టినప్పటినుంచి సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు రెండు లీటర్ల స్టీలు సీసా నింపుకొస్తుంది. ఫ్రిజ్ కొందామా అని ఆయన ఒకసారి అడిగితే, "ఎందుకయ్యా, నా ఉద్యోగమే ఫ్రిజ్" అంది. ఆ సాయంత్రం కూడా సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మధ్యాహ్నమే నింపాను కాబట్టి సరిపోయింది. ఎవడో పనిచేయదని కాగితం కట్టాడు. అక్షరాలు చూస్తే నీ రాతలాగే ఉన్నాయి, వంకరటింకరగా."

ఆమె గ్లాసులో పోసి ఇచ్చింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. గ్లాసు బయట చెమట పట్టింది. ఆయన దాన్ని పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళి వంపేశాడు. తిరిగొచ్చి సీసా కూడా వంపేశాడు.

"నీళ్ళ మీద అలిగావా?"

"టాపు నీళ్ళు మరగబెట్టు. అవే తాగుదాం."

"మూడంతస్తులు దిగి మోసుకొచ్చాను." ఆమె కుర్చీలో కూర్చుంది. కూర్చునేటప్పుడు పొట్ట పట్టుకోవడం ఆయన చూశాడు. పది రోజులుగా అలాగే పట్టుకుంటోంది. వయసు మీదపడుతోందని ఆమె, వేళకు తినవని ఆయన అనుకుంటూ వచ్చారు.

"ఇవాళ కూడా నొప్పిగా ఉందా?"

"వస్తోంది, పోతోంది. నాదేముంది. మూలబల్ల పిల్ల లేదూ, పొద్దుట నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుని చదువుకుంటుందని చెప్పానే, ఆ పిల్లని ఆస్పత్రిలో చేర్చారు. నాలుగు రోజులైంది. వాంతులూ విరేచనాలూ. ఏ మందుకీ కట్టడం లేదుట. ఏం తిన్నావని డాక్టర్లు అడుగుతుంటే, హాస్టల్లో అందరూ తిన్నదే తిన్నానంటోందిట."

ఆ పిల్ల ఏం తాగిందని ఎవరూ అడగలేదు.

భార్యకు చెప్పాలనుకున్నాడు. రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ టాపు కట్టావా, తలుపేశావా అని వేరే మాట వచ్చింది. ఆమె కునికిపాట్లు పడుతుంటే ఆమె ఊపిరినే వింటూ కూర్చున్నాడు.

పొద్దున ఏడింటికి వాచ్‌మన్ దగ్గర తాళాలు తీసుకుని మేడమీదికెక్కాడు. మంచినీళ్ళ వాల్వు కట్టాడు. కిందికొచ్చి మూడో అంతస్తులో చేతులు కడిగే టాపు తిప్పాడు. ధార వచ్చింది, సన్నబడింది, చుక్కలైంది, ఆగింది. మంచినీళ్ళు ఆగినట్టే. కూలరు లైను మంచినీళ్ళదే అయితే ఇప్పుడు దాన్లో కూడా ఆగిపోవాలి.

బావమరిది బకెట్టు పట్టుకున్నాడు. దారం బాబాయ్ కూలరు వెనక నట్టు విప్పి, పైపు మూతి బకెట్లోకి వంచి, చిన్న వాల్వు తెరిచాడు. నీళ్ళు వచ్చాయి.

"లైనులో మిగిలినవి బావా," అన్నాడు బావమరిది.

"లైనులో మిగిలేవి అర బకెట్టు కూడా ఉండవు."

అర బకెట్టు నిండింది. ఇద్దరూ బకెట్టు వైపే చూస్తున్నారు. ధార సన్నబడితే చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు కోసం ఆయన చెవులు రిక్కించాడు. చప్పుడు మారలేదు. ముప్పావు నిండింది. నిండి పొర్లింది.

"ఇంకో బకెట్టు పెట్టు."

రెండోదీ నిండింది. అదే ధార, అదే చప్పుడు. ఆయన వాల్వు కట్టేశాడు.

బావమరిది గోడకానుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "నేను తెల్ల పైపే కోశాను బావా. ఒట్టు."

"తెల్ల పైపే కోశావు. తప్పు నీది కాదు. దానికి తెల్ల రంగు ఇచ్చింది నేను."

ఫోను చేస్తే ఎనిమిది దాటాక ఇంజనీరుగారు వచ్చారు. రెండు బకెట్లనూ చూశారు. దారం బాబాయ్ చెప్పింది విన్నారు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. చివరికి గొంతు తగ్గించి అన్నారు: "ఆ లైను కోసెయ్. ప్లగ్గు బిగించు. గోడ మూయించు. కూలరు రిపేరుకి పంపామందాం. ఇంకా గంటన్నర టైముంది."

"ఆస్పత్రిలో ఒక పిల్ల ఉందండీ."

"రేపు చెబుదాం. సర్టిఫికెట్ అయిపోనీ, రేపు నేనే స్వయంగా వెళ్ళి చెబుతాను. మూడేళ్ళ కష్టం దారం. నీ ఉద్యోగం, నీ బావమరిది ఉద్యోగం, నాది. ఆలోచించు."

ఇంజనీరుగారు చెడ్డమనిషి కాదు. దారం బాబాయ్ ఆలోచించాడు. ప్లగ్గు బిగించడం పది నిమిషాల పని. సంచీలో ప్లగ్గుంది, దారముంది. అలా చేస్తే ఏ మేడం టార్చీకీ దొరకదు. తను చేసిన జాయింటు కారదు కదా. ఆ ఆలోచన రావడంతోనే సంచీ మూతి ముడి వేశాడు.

"ఆ పిల్లకి ఏం జబ్బో తెలియకుండా మందులేస్తున్నారు సార్. వాళ్ళకి తెలియందల్లా నాకు తెలిసిన ఈ ఒక్క ముక్కే. ఇవాళ రేపట్లో దానికేమైనా అయితే..." మాట పూర్తిచేయలేకపోయాడు. "నాకు భయంగా ఉందండీ. ఉద్యోగానికి కూడా భయమే. కానీ ఇది వేరే భయం."

ఇంజనీరుగారు కిటికీ వైపు తిరిగారు. పొమ్మనలేదు, ఆగమనలేదు. దారం బాబాయ్ బావమరిదిని కూలరు ముందు కాపలా పెట్టి మెట్లు దిగాడు.

క్యాంపస్ ఆస్పత్రిలో నర్సు ఆయన చెప్పింది నిలబడే విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపింది. "ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెలలు."

ఆమె రిజిస్టరు తెరిచి వేలితో కిందికి జరుపుతూ వెళ్ళింది. కడుపు జబ్బుతో వచ్చిన పదకొండు పేర్ల దగ్గర ఆగింది. తర్వాత ఫోను తీసి, ఆ పిల్ల ఉన్న పెద్దాస్పత్రి డాక్టరుకి చెప్పింది. ఆ నిమిషం ఆమె నోటివెంట 'శుద్ధిచేసిన మురుగునీళ్ళు' అన్న మాట విని ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ రెండో నీళ్ళు అంటూ వచ్చాడు. ఆ మాటలో మురుగు లేదు.

బయటికొచ్చేసరికి భార్య ఎదురొచ్చింది. తమ్ముడు ఫోన్లో చెప్పేశాడు.

"రాత్రి సీసా వంపేశావు," అంది.

"ఊఁ."

"నాతో చెప్పలేదు."

"నోరు రాలేదు."

"పైపు విషయం ఎవరికైనా జరుగుతుంది. ఎదురుగా కూర్చుని పొట్ట నొప్పా అని అడిగి, చెప్పకుండా ఊరుకున్నావు చూడు." ఆమె ఆయన్ని దాటుకుని నర్సు గది ముందు బెంచీ మీద కూర్చుంది. పక్కన కూర్చోమనలేదు.

తనిఖీ మేడం తొమ్మిదిన్నరకు వచ్చింది. అప్పటికి ఇంజనీరుగారు తనే ఆమెకు చెప్పేసి ఉన్నారు. ఏం చెప్పారో, ఎలా చెప్పారో దారం బాబాయ్‌కి తెలియదు. ఆమె గోడనూ కన్నాన్నీ పైపునూ చూసి, "అయినా రంగు వేద్దాం" అంది. పది గంటలకు రెండో నీళ్ళ ట్యాంకుల్లో నీలం కలిపారు. పావుగంట ఆగి ఆయనే కూలరు వాల్వు తెరిచి గ్లాసు పట్టాడు. మొదట తేట నీళ్ళు వచ్చాయి. ఆ కాసేపూ, తెలిసి తెలిసి కూడా, ఆయన మనసు పిచ్చిగా ఆశపడింది. తర్వాత గ్లాసు అడుగున చిన్న నీలి తీగ కదిలింది. అది లావెక్కి గ్లాసంతా నిండింది.

మేడం గ్లాసును వెలుతురుకి పట్టుకుంది. "ఈ బిల్డింగుకి ఇప్పుడు ఇవ్వను," అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఇలా రంగు పైపు చాలక తెల్లది వేసింది ఇంకెక్కడైనా ఉందా?"

"లేదండీ."

"ఖాయమా?"

"నిన్నటిదాకా అయితే ఖాయమనేవాణ్ణి."

ఆమె ఇంకో ఖాళీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. "పదండి అయితే."

క్యాంపస్‌లో మంచినీళ్ళ టాపులు రెండువందల పద్నాలుగు. ప్రతి టాపు కిందా ఆయనే గ్లాసు పెట్టాడు. తను వేసిన లైన్లన్నీ తనకు పరాయివైపోయాయి. ప్రతిసారీ గ్లాసు నిండేదాకా ఊపిరి బిగబట్టి, తేటగా ఉందని చూసి, వదిలి, పక్క టాపుకి నడిచాడు. అమ్మాయిల హాస్టలు దగ్గర మెట్ల మీద కూర్చున్నాడు. మేడం కూడా కూర్చుంది. కాసేపటికి ఇద్దరూ లేచారు. పొద్దుగూకేసరికి ఆఖరి టాపు అయింది. ఇంకెక్కడా నీలం లేదు. ఆమె కాగితం మీద అంకెలు రాసుకుంది. "మిగతా బిల్డింగులకు మార్కులు వేస్తాను. లైబ్రరీకి ఆరు నెలల తర్వాత మళ్ళీ వస్తాను. అప్పుడు మీరే చూపించాలి," అంది.

ఆ ఆరు నెలలకు తను ఇక్కడ ఉంటాడో లేదో ఆయనకు తెలియదు. విచారణ ఉంటుందన్నారు. అప్పటిదాకా పని చేసుకోమన్నారు.

ఆ తర్వాత నాలుగో రోజు లైబ్రరీ గోడ పూర్తిగా తెరిచారు. ఆయన ఆ తెల్ల ముక్క కోసి తీసేసి, వంకాయ పైపు వేశాడు. రెండు చివర్లా రెండో నీళ్ళని రాసి, బాణం గుర్తు గీశాడు. మేస్త్రీ తాపీతో సిమెంటు కలుపుతూ అన్నాడు: "ఇంక జరుగు బాబాయ్. లోపలికి పోయేదానికి ఇంత సింగారమా?"

"ఆగు," అన్నాడు. ఇంకో బాణం గీశాడు.

అప్పుడే ఫోను మోగింది. భార్య. ఆస్పత్రిలో రిపోర్టులు ఇస్తారన్న రోజు అది. బొత్తాం నొక్కడానికి వేలు రాలేదు. మేస్త్రీయే నొక్కి ఇచ్చాడు.

"పేగుల్లో పురుగు ఉందిట," అంది ఆమె. "పది రోజులు మందులు. తగ్గిపోతుందన్నారు."

"మూలబల్ల పిల్ల?"

"ఆ పిల్లకీ అదే. మొన్నటినుంచే సరైన మందు పడుతోంది. ఇవాళ గంజి తాగిందిట." నాలుగు రోజుల తర్వాత ఆమె తనంతట తాను ఆయనతో మాట్లాడటం అదే. "నువ్వూ వచ్చి పరీక్ష చేయించుకో. రెండు నెలలు గటగటా తాగింది నువ్వు కాదూ. నర్సు నీ పేరు రాసుకుని కూర్చుంది."

"వస్తాను. ఈ గోడ మూసేదాకా ఉండి వస్తాను."

"మూసేదాకా ఉండు," అంది ఆమె. "ఈసారి ఉండు."

మేస్త్రీ మొదటి తాపీ సిమెంటు విసిరాడు. దారం బాబాయ్ ఫోను జేబులో పెట్టుకుని, వంకాయ పైపు మీద చూపు పెట్టి అక్కడే నిలబడ్డాడు.